వ్యాగన్‌ని కోసి డ్యూయల్ క్యాబ్ యూట్ చేయడం: అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో ఛాసిస్, బాడీ పని చేస్తుంటాను. మా షెడ్డుకి వచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ ఓనర్లలో చాలామంది అడిగేది ఒక్కటే. ల్యాండ్ క్రూజర్ 200 సుఖం పోకూడదు, వెనక ట్రే మాత్రం కావాలి. టొయోటా ఆ బండిని డ్యూయల్ క్యాబ్ యూట్‌గా, అంటే రెండు వరుసల సీట్లు, వెనక ట్రే ఉన్న పికప్‌గా ఎప్పుడూ అమ్మలేదు. 2012లో వచ్చిన 79 సిరీస్ డ్యూయల్ క్యాబ్ మొండి బండే, కానీ వెనక కమాన్ పట్టీలతో అది నడిచే తీరు వేరు. అందుకే వ్యాగన్‌ని, అంటే వెనకదాకా రూఫ్ ఉన్న ఆ 200నే కోయించుకుంటారు. కోయించుకునే ముందు వాళ్లు చెప్పే మాటల్లో సగం తప్పులే ఉంటాయి.

అపోహ: వెనక భాగం కోసేసి, ట్రే బిగిస్తే యూట్ అయిపోయినట్టే.

కోయడం ఈ పనిలో అన్నిటికన్నా తేలిక. అసలు తలనొప్పి వెనక చక్రం ఉన్న చోటుతో. వ్యాగన్‌లో వెనక యాక్సిల్ దాదాపు రెండో వరుస సీటు వీపు దగ్గరే ఉంటుంది. క్యాబ్‌ని అక్కడ మూసి 1800 మిల్లీమీటర్ల ట్రే పెడితే, అందులో ఎక్కువ భాగం యాక్సిల్ దాటి వెనక్కి వేలాడుతుంది. లెక్క చూడండి. 200 సిరీస్ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిల్స్ మధ్య దూరం) 2850 మిల్లీమీటర్లు. యాక్సిల్‌కి ఒక మీటరు వెనక 100 కిలోలు పెడితే వెనక చక్రాల మీద పడేది 100 కాదు, 135 కిలోలు. ఆ పై 35 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోయినవే. ఇక టోబాల్ (వెనక ట్రెయిలర్ తగిలించే గుండు) మీద 350 కిలోల బరువు వేసే కారవాన్ తగిలిస్తే? బాల్ యాక్సిల్‌కి 1.2 మీటర్ల వెనక ఉందనుకుంటే, వెనక యాక్సిల్ మీద పడేది దాదాపు 500 కిలోలు. స్టీరింగ్ తేలికైపోవడం, ఛాసిస్ వంగడం ఇక్కడి నుంచే మొదలవుతాయి.

అందుకే వీల్‌బేస్ పెంచుతాం. యాక్సిల్‌ని 500 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే, అదే చోట ఉన్న ఆ 100 కిలోలు 115 కిలోల భారం మాత్రమే వేస్తాయి. ఆస్ట్రేలియా డిజైన్ రూల్ (ఏడీఆర్) ప్రకారం యాక్సిల్ వెనక వేలాడే పొడవు వీల్‌బేస్‌లో 60 శాతం దాకా ఉండొచ్చు. ఆ 60 శాతం చూపించి "సరిపోతుంది కదా" అంటారు. చట్టం ఒప్పుకున్నా ఛాసిస్ ఒప్పుకోవాలి కదండీ.

అపోహ: ఛాసిస్ కోస్తే బండి బలం పోయినట్టే.

కోసే పద్ధతిని బట్టి ఉంటుంది. నిటారుగా కోసి, ముక్క పెట్టి, పైపైన వెల్డింగ్ చేస్తే పోతుంది. ఛాసిస్ తిన్నగా ఉన్న చోటు చూసి, ఏటవాలుగా గానీ మెట్టులా గానీ కోసి, లోపల స్లీవ్ తొడిగి, బయట ప్లేట్లు వేస్తే అతుకు గట్టిగా నిలబడుతుంది. ప్లేటు చివర చదరంగా ఆపకూడదు, చేప నోరులా చీల్చి వదలాలి. లేకపోతే ప్లేటు ఆగిన గీత వెంబడే పగులు వస్తుంది. ఛాసిస్ పై అంచుకి, కింది అంచుకి రంధ్రాలు వేసిన పని కనబడితే ఆ షాపు గడప తొక్కకండి. పొడవు పెరిగింది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్, బ్రేక్ పైపులు, డీజిల్ లైన్లు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, ఏబీఎస్ వైర్లు అన్నీ మారతాయి. షాఫ్ట్‌ని బ్యాలెన్స్ చేయించకపోతే హైవే మీద బండి వణుకుతుంది.

అపోహ: యూట్ అయింది కాబట్టి లోడు ఎక్కువ వేయొచ్చు.

ట్రే పొడవు పెరిగింది, అంతే. 200 సిరీస్ జీవీఎం (లోడుతో కలిపి బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు) 3350 కిలోలు. బండి సొంత బరువు సుమారు 2700 పోను మిగిలేది 650 కిలోల చిల్లర. మనుషులు, బుల్‌బార్, వించ్, స్టీల్ ట్రే, దాని మీద క్యానోపీ అన్నీ అందులోంచే. సర్టిఫికెట్‌తో జీవీఎం అప్‌గ్రేడ్ చేయిస్తేనే ఆ అంకె మారుతుంది. కాయిల్ స్ప్రింగుల్లో గాలి నింపే ఎయిర్‌బ్యాగ్ పెడితే వెనక భాగం పైకి లేస్తుంది, కానీ మోసే హక్కు ఒక్క కిలో కూడా పెరగదు.

అపోహ: వెనక సీటు కదపలేదు, సేఫ్టీ అలాగే ఉంటుంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. వ్యాగన్‌లో వెనక సీటు బెల్టు పై కొక్కెం సీ పిల్లర్‌లో (వెనక డోరు దాటాక రూఫ్‌ని మోసే స్తంభం) ఉంటుంది. మేం కోసేది దాని పక్కనే. ఆ పిల్లర్‌కి లోపల బలం ఇవ్వకపోతే, యాక్సిడెంట్‌లో బెల్టు లాగే బరువుకి రేకు చిరుగుతుంది. పిల్లల సీటుని వెనక నుంచి కట్టే యాంకర్‌కి కూడా కొత్త చోటు చూడాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ రూఫ్ అంచు వెంట వెనకదాకా పోతుంది, దాన్ని మడిచి దాచేయడం కుదరదు. బెల్టు కొక్కేల కోసం ఏడీఆర్ 5, పిల్లల సీటు యాంకర్ల కోసం ఏడీఆర్ 34 ఉన్నాయి.

ఒక చిన్న విషయం కూడా. వ్యాగన్ వెనక మూలల్లో గాలి బయటికి పోయే వెంట్లు ఉంటాయి, కోతలో అవీ పోతాయి. కొత్త వెనక గోడకి వెంటు పెట్టకపోతే డోర్లు ధనాల్న కొడితే గానీ పడవు. డెలివరీ తీసుకునే రోజు అద్దాలన్నీ ఎక్కించి, ఒక డోర్ మెల్లగా వేసి చూడండి.

అపోహ: ఈఎస్‌సీ దానంతట అదే సర్దుకుంటుంది.

సర్దుకోదు. ఈఎస్‌సీ అంటే బండి జారితే చక్రాలకి బ్రేకు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థ. స్టీరింగ్ ఇంత తిప్పితే బండి ఇంత తిరగాలి అని అది వీల్‌బేస్‌ని బట్టే లెక్క వేస్తుంది. పొడవు పెరిగిన బండి తక్కువ తిరుగుతుంది, అది జారుడు అనుకుని అనవసరంగా బ్రేకు వేస్తుంది. పొడవుకి తగ్గట్టు సరిచేసి, టెస్ట్ చేసిన రిపోర్ట్ అడిగి తీసుకోండి.

అపోహ: పని మంచిగా ఉంటే కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఇంజినీర్, తర్వాతే గ్రైండర్. రిజిస్టర్ అయిన బండికి వీఎస్‌బీ 14 (బండ్లు మార్చే పనికి దేశమంతటికీ ఉన్న కోడ్), దాని మీద రాష్ట్రాల పద్ధతులు. క్వీన్స్‌ల్యాండ్‌లో అప్రూవ్డ్ పర్సన్ (పనిని ఒప్పుకునే అధికారం ఉన్న మనిషి) వేసే మాడ్ ప్లేట్, న్యూ సౌత్ వేల్స్‌లో వీఎస్‌సీసీఎస్ సర్టిఫికెట్, విక్టోరియాలో వాస్ సర్టిఫికెట్. మూసేసిన వెల్డింగ్‌కి తర్వాత వచ్చి ఎవరూ సంతకం పెట్టరు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే క్లెయిమ్ రోజున తెలుస్తుంది.

అపోహ: హైదరాబాద్‌లో మా ఫార్చునర్‌కీ ఇలాగే చేయించొచ్చు.

బంధువుల ఫోన్లలో తరచూ వచ్చే ప్రశ్న ఇది. కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. డబుల్ క్యాబ్ కావాలనుకుంటే హైలక్స్ 2022 నుంచి అక్కడే దొరుకుతోంది. ఇసుజు వీ-క్రాస్ అయితే మన శ్రీసిటీలోనే తయారవుతుంది.