తాడు కట్టి లాగడం మోసం కాదా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న అడ్వెంచర్ రేస్ వీడియో చూస్తూ మీలో చిన్నది అడిగిన ప్రశ్నకు ఫోన్లో సగమే జవాబు చెప్పాను. మిగతా సగం ఇదిగో. ముందు సైకిలు సీటు కిందనుంచి వెనక సైకిలుకు తాడు కట్టి ఉంది, అది మోసం కాదా అని దాని అనుమానం. పెద్దవాడు దానికింకో మెలిక పెట్టాడు: అంత బలమున్నవాడు తాడు విప్పేసి ఒక్కడే వెళ్లిపోతే ఎప్పుడో గెలిచేవాడుగా అని.

మోసం కాదు. ఇలాంటి పోటీల్లో చాలావాటికి నియమాలే అందుకు ఒప్పుకుంటాయి. ఇక ఒక్కడే వెళ్లిపోతే గెలవడం మాట దేవుడెరుగు, జట్టుకే శిక్ష పడుతుంది. అడ్వెంచర్ రేస్ అంటే కాలినడకన కొంత, కొండసైకిలు మీద కొంత, కయాక్ అనే సన్నటి పడవలో తెడ్డు వేస్తూ కొంత, తాళ్ల మీద కొండచరియలు దిగుతూ కొంత, అన్నీ కలిపి ఒకే పోటీ. పెద్ద పోటీల్లో సాధారణంగా జట్టుకు నలుగురు. అందులో ఆడా మగా ఇద్దరూ ఉండి తీరాలి. దారి పొడవునా నలుగురూ దగ్గరదగ్గరగా, మామూలుగా 100 మీటర్లలోపే ఉండాలి. దారిలో తప్పక తాకాల్సిన చోట్లను చెక్‌పాయింట్లంటారు, ప్రతి చెక్‌పాయింట్‌కూ నలుగురూ కలిసే చేరాలి. గడియారం ఆగేది నాలుగోవాళ్లు గీత దాటాకే. మధ్యలో ఒకరు తప్పుకుంటే మిగిలిన ముగ్గురూ చివరిదాకా వెళ్లినా ఆ జట్టుకు స్థానం ఇవ్వరు.

ఇలాంటి పెద్ద పోటీల్లో తొలినాటిది 1989లో న్యూజిలాండ్‌లో జరిగిన రెయిడ్ గొలువాజ్. ఫ్రెంచి విలేఖరి జెరార్ ఫ్యూజిల్ మొదలుపెట్టాడు. అప్పట్లో జట్టుకు ఐదుగురు. 2019లో ఫిజీలో జరిగిన ఎకో-ఛాలెంజ్ అనే పోటీ 671 కిలోమీటర్లు, 66 జట్లు. గడువు 11 రోజులు. రాత్రి పడుకున్నా గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు తాడు సంగతి. నలుగురూ మంచానికి నాలుగు కోళ్లనుకోండి. కూసే కోళ్లు కాదు, నులకమంచం కింద ఉండే కోళ్లు. మా చిన్నప్పుడు ఇంట్లో ఒక మంచం కోడు ఒకటి అంగుళం అరిగిపోయింది. మిగతా మూడూ ఎంత గట్టివైతేనేం, రాత్రంతా టకటకమని కొట్టుకునేది. దాన్ని సరిచేయడానికి రెండు దార్లు. మిగతా మూడింటినీ అంగుళం కోసేయడం ఒకటి. అప్పుడు మంచం కదలదు, కానీ పొట్టిదైపోతుంది. నలుగురూ అందరికన్నా నీరసంగా ఉన్నవాళ్ల నడకే నడవడమంటే అదే. రెండోది, పొట్టి కోడు కింద చెక్క పెట్టడం. ఆ తాడు చెక్కన్నమాట.

ఈ మంచంలో ఒక వింత ఉంది. పొట్టి కోడు గంటగంటకూ మారుతుంది. పొద్దున ఎత్తు ఎక్కేటప్పుడు ఒకరు వెనకబడతారు. మధ్యాహ్నం ఎండలో, పొద్దుట తాడు లాగినవాడే కూలబడతాడు. నీళ్లమీదికి వచ్చేసరికి నడకలో వెనకబడ్డ అమ్మాయే అందరికన్నా బాగా తెడ్డు వేస్తుంది. కాబట్టి చెక్క ఒకచోటే మేకేసి ఉంచితే లాభం లేదు, చేతిలో పట్టుకుని తిరగాలి.

తాడు చూడటానికి చిన్నదేగాని దాని వెనక పనితనం ఉంది. మామూలు తాడు పనికిరాదు. ముందువాడు తొక్కిన ప్రతిసారీ వెనకవాళ్లకు జర్కు తగులుతుంది. సాగే తాడు కావాలి. కుక్కను పట్టుకెళ్లే తాడు చూశారుగా, వదిలితే దానంతటదే డబ్బీలోకి చుట్టుకుపోతుంది, కొందరు అదే సీటు కింద కట్టేస్తారు. వెనక సైకిలు హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్కకు ఒక కొక్కెం, దానికి తాడు చివర తగిలించాలి. ఒంటిచేత్తో టక్కున విప్పుకునేలా ఉండాలి, ముడి వేయకూడదు. తాడు వదులైతే వేలాడి ముందు చక్రంలో పడుతుంది. అప్పుడు సైకిలు ఆగిపోతుంది, మనిషి మాత్రం ఆగడు! అందుకే దిగుడు రాగానే ముందు తాడు విప్పేయాలి. ఎత్తులోనూ, ఎదురుగాలి కొట్టే చదును దారిలోనూ మాత్రమే తగిలించాలి. ముందువాడు తొక్కడం ఆపేముందు కేకేయాలి. ఇక వెనకవాళ్లు తొక్కడం మానేస్తే అది సాయం కాదు, సామాను మోత. నడకలోనూ ఇదే పద్ధతి: ముందువాళ్ల సంచి నుంచి వెనకవాళ్ల నడుంపట్టీకి సాగే తాడు.

తాడుకంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది, సంచి తేలిక చేయడం. వెనకబడుతున్నవాళ్ల సంచిలోంచి రెండు కిలోలు తీసి బలంగా ఉన్నవాళ్లు మోస్తే చాలు, నడక మారిపోతుంది. కానీ అడిగితే ఎవరూ ఇవ్వరు. "ఎలా ఉన్నావు?" అంటే "బానే ఉన్నా" అంటారు. మీరు మాత్రం తక్కువా, జ్వరం కాగుతున్నా బానే ఉన్నానంటారు. అందుకని బాగా నడిచే జట్లలో ఆ ప్రశ్న వేయరు. "ఈ గంటలో ఏం తిన్నావు? ఎన్ని గుక్కలు తాగావు? పాదం ఎక్కడైనా మండుతోందా?" అంటారు. వీటికి బానే ఉన్నా అని తప్పించుకోవడం కుదరదు. సాయం ఇవ్వడం సులువు, తీసుకోవడమే కష్టం. తీసుకోవడం రానివాళ్లు జట్టులో ఉంటే ఆ జట్టుకు వాళ్లే బరువు.

తిండి విషయం తొందరగా చెప్పేస్తాను. గంటకు సుమారు 200 నుంచి 300 కేలరీలు, ఆకలి వేసినా వేయకపోయినా, అరగంటకోసారి కొద్దికొద్దిగా. ఆకలి కడుపులో కంటే ముందు నోట్లో కనిపిస్తుంది: ఊరికే విసుక్కుంటున్నారంటే వాళ్లకు కావలసింది ఓదార్పు కాదు, తిండి. నీళ్లు మరీ ఎక్కువ తాగినా ప్రమాదమే. ఒట్టి నీళ్లు పోసుకుంటూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మతిచెదరడం మొదలవుతాయి.

పాదాల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పోటీలోంచి తప్పుకున్నవాళ్ల కథ చాలాసార్లు ఒక చిన్న రాయితో మొదలవుతుంది. బూటులో గులకరాయి పడుతుంది. ఆగితే అందరూ ఆగాలి కదా అన్న మొహమాటంతో ఎవరూ చెప్పరు. గంటలో అక్కడ చర్మం వెచ్చబడుతుంది, తర్వాత మండుతుంది, తర్వాత బొబ్బ. మంట దశలోనే ఆగి, పాదం తుడిచి ఆరబెట్టి, ముడత పడకుండా టేపు వేస్తే ఐదు నిమిషాల పని. బొబ్బ చితికాక గంటల తరబడి కుంటు నడకే. టేపు అంచులు గుండ్రంగా కత్తిరించాలి, మూలలుంటే మేజోడుకు తగులుకుని లేచిపోతాయి. వాగులు దాటి దాటి పాదం రోజంతా తడిగా ఉంటే చర్మం తెల్లగా ముడుచుకుని నానిపోతుంది, అడుగు వేస్తే అరికాలంతా సలుపు. అందుకే పడుకున్న కాసేపైనా బూట్లు, మేజోళ్లు విప్పి పాదాలకు గాలి తగలనివ్వాలి. లేవగానే మళ్లీ తడిబూట్లే తొడుక్కోవాలిగా, విప్పడం ఎందుకంటారా? ఆ కాస్త ఆరినదే మర్నాటికి అక్కరకొస్తుంది.

వాగుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2000 సంవత్సరంలో మలేసియాలోని బోర్నియోలో ఎకో-ఛాలెంజ్ జరిగింది. పోటీ అయ్యాక ఇళ్లకు చేరిన ఆటగాళ్లకు వరసగా జ్వరాలు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థవాళ్లు 189 మందిని విచారిస్తే 80 మందిలో లెప్టోస్పైరోసిస్ లక్షణాలు కనిపించాయి. 29 మంది ఆసుపత్రిలో చేరారు, ఎవరూ చనిపోలేదు. జంతువుల మూత్రం కలిసిన నీటినుంచి వచ్చే రోగమది. సెగామా నదిలో ఈదడానికీ దీనికీ సంబంధం ఉందని తేలింది. నీళ్లు చూడగానే దూకే వీరులారా, ఈ పేరా మీకోసమే.

ఇక దారి. జీపీఎస్ సాధారణంగా వాడనివ్వరు, పటమూ దిక్సూచీ అంతే. 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లంటే నేలమీద ఒక కిలోమీటరు. మిల్లీమీటరంటే 50 మీటర్లు. అంటే గోరు అంచు అంత తప్పు చదివితే చెక్‌పాయింట్ పొదలకు అటువైపు ఉంటుంది, మీరు ఇటువైపు వెతుకుతుంటారు. ఎంతసేపట్లో చేరతామో ముందే లెక్క వేసుకోవాలి. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. దాన్ని ఇప్పటి కొలతల్లో సుమారుగా ఇలా వాడతారు: ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 100 మీటర్లకు ఇంకో పది నిమిషాలు. ఎనిమిది కిలోమీటర్ల దారి, 600 మీటర్ల ఎత్తు అయితే 96 నిమిషాలు, పైన 60, మొత్తం రెండు గంటల 36 నిమిషాలు. చీకట్లో, పొదల్లో, అలసటలో ఇంకా పెరుగుతుంది. ఆ లెక్క ఉన్నది చేరడానికి కాదు, ఆగడానికి. అనుకున్న టైము దాటి చాలాసేపైనా వాగు కనబడలేదంటే ఎక్కడో తప్పారు. అప్పుడు నోటికొచ్చే మాట "ఇంకొంచెం ముందుకెళ్లి చూద్దాం". ఆ ఇంకొంచెమే జట్లను ముంచేది. కచ్చితంగా తెలిసిన చివరి చోటుకు తిరిగి వెళ్లడమే దగ్గరిదారి, మనసు ఒప్పుకోదుగానీ.

రెండో రాత్రి తెల్లవారుజామున మూడింటికి బండలు మనుషుల్లా కనిపిస్తాయి, చెట్టు ఇల్లై తలుపు తెరుస్తుంది. నిద్రలేని మెదడు చేసే పని. బుర్ర ఎందుకలా బొమ్మలు కడుతుందో వివరంగా చెప్పడం నావల్ల కాదు. నలుగురికీ నాలుగు రకాల బొమ్మలు కనబడుతున్నా నలుగురూ ఒకే దారిన నడవడం మాత్రం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. పటం చదివేవాళ్లు అడిగినదానికి పలకడం మానేసినా, కాలిబాటకు అడ్డంగా నడుస్తున్నా పటం వెంటనే రెండోవాళ్ల చేతికి పోవాలి. పది, ఇరవై నిమిషాలు పడుకుంటే కాసేపు తేరుకుంటారు. గంటన్నర దొరికితే అదృష్టం.

ఆ మత్తులోనే సైకిలు బిగించే పని ఒకటి. నడకనుంచి సైకిలుకు మారేచోట పెట్టెలోంచి సైకిలు తీసి పెడళ్లు ఎక్కించాలి, తర్వాత మళ్లీ విప్పాలి. ఎడమ పెడల్ మర ఎదురుది. మామూలు మర అనుకుని విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది, ఇంకా బలం పెడితే మరే పాడవుతుంది. రెంచిని పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ ఊడతాయి. ముందు చక్రం వైపైతే రెండూ బిగుస్తాయి. పెద్దవాడా, ఇది పెట్టె మూత లోపల రాసిపెట్టుకోవాలి. అర్ధరాత్రి గుర్తొచ్చేది బుర్రలో ఉన్నది కాదు, మూతమీద ఉన్నదే.

నా మంచానికి ఐదో కోడు కూడా ఉంది. 2014లో ఈక్వడార్‌లో ప్రపంచ పోటీ జరుగుతుంటే, మికాయెల్ లిండ్‌నార్డ్ అనే స్వీడన్ ఆటగాడు ఒక వీధికుక్కకు తన తిండిలోంచి మాంసపు ఉండ ఒకటి పెట్టాడు. వీపున గాయమున్న కుక్క. అది అడవిలో, బురదలో ఆ జట్టునే పట్టుకుని నడిచింది. చివరికి కయాక్‌ల దగ్గర, కుక్కను వదిలేసి వెళ్లడం మంచిదన్నారు నిర్వాహకులు. వీళ్లు తెడ్డు వేశారు. అది నీళ్లలో దూకి వెనకాలే ఈదింది. వెనక్కి తిరిగి పడవలోకి ఎక్కించుకున్నారు. ఆర్థర్ అని పేరు పెట్టి స్వీడన్ తీసుకెళ్లారు. మంచానికి ఐదు కోళ్లు ఉండవు కదా తాతయ్యా అని చిన్నది ఈపాటికే అంటూ ఉంటుంది. ఉండవు. నా పోలిక అక్కడితో విరిగిపోయింది, పోనీండి.

ఇప్పుడు మీకో పని. సైకిళ్ల జోలికి పోవద్దు, రోడ్డుమీదికి అసలే వద్దు. గడ్డి ఉన్న చిన్న ఏటవాలు చూసుకోండి. పెద్దవాడు ముందు, చిన్నది వెనక, నడుముకు వదులుగా పాత తువ్వాళ్లు చుట్టుకుని, మధ్యలో రెండు బారల మామూలు తాడు. పరుగెత్తకుండా నడిచి ఎక్కండి, చిన్నది తన ఎడమకాలు ఎన్నిసార్లు నేలకు ఆనిందో లెక్కపెట్టాలి. తర్వాత తాడు తీసేసి, సైకిలు పాత ట్యూబు పొడుగ్గా కోసి కట్టి అదే దారిలో ఎక్కండి. ఆ తర్వాత చోట్లు మార్చుకుని, చిన్నది ముందు, రెండు తాళ్లతోనూ మళ్లీ ఎక్కండి. దానికి అన్నను లాగే బలం లేదని ఇప్పుడే నవ్వకండి. నాలుగు అంకెలూ, ఏ తాడు ఎవరి నడుమును ఎక్కువ కోసిందో కూడా రాసి పంపండి.

మీ
తాతయ్య