సూప్రల్యాప్సేరియనిజం: నోరు తిరగని మాటను ఎలా విడగొట్టాలి?

పిల్లలూ,

డిక్షనరీలో ఈ మాట కనబడితే టెన్షన్ పడకండి. ఇంగ్లీషులో రాస్తే 17 అక్షరాలు, పలకడానికి మాత్రం 8 ముక్కలే: సూ-ప్ర-ల్యాప్-సే-రి-యన్-ఇజ్-అమ్.

చివర ఎస్, ఎమ్ మధ్య అచ్చు రాయరు. అయినా నోరు అక్కడ చిన్న 'అ'ను జొనిపి తీరుతుంది. మనవాళ్లు కమ్యూనిజం, టూరిజం అని రాసేది చెవికి వినబడ్డదాన్నే.

ల్యాప్ దగ్గర మన లిపి కొంచెం తికమక పెడుతుంది. తెలుగులో రాయగానే పకారం ముందుకు జరిగి 'ప్సే' అయిపోతుంది. గొంతు మాత్రం 'ల్యాప్' దగ్గరే ఆగుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువని ఛందస్సులో చదువుకున్నారుగా? ఆ సూత్రం వెనక ఉన్నదీ ఇదే. 'సత్యం' అని మెల్లగా అనండి, ముందు 'సత్' అనే వినబడుతుంది.

ఇక ఊనిక. తెలుగులో అక్షరాలన్నిటినీ ఇంచుమించు ఒకే బలంతో పలుకుతాం. ఇంగ్లీషులో అలా కుదరదు. వెజిటేరియన్, లైబ్రేరియన్ అన్నప్పుడు గొంతు ఎక్కడ లేస్తుంది? 'టే' మీద, 'బ్రే' మీద. ఇక్కడ 'సే' మీద. ఇజం తగిలించినా ఊనిక కదలదు. మొదటి 'సూ'కు కాస్త బలం ఇచ్చి, 'ప్ర'ను తేలిగ్గా వదిలేయండి.

అర్థం కూడా చెప్పాలిగా! లాటిన్‌లో సుప్రా అంటే పైన, లాప్సస్ అంటే పడిపోవడం. బైబిల్లో మొదటి మనిషి ఆదాము దేవుడి మాట మీరి పాపంలో పడ్డాడే, ఆ పతనం అన్నమాట. ఎవరికి పాపం నుంచి రక్షణ దక్కాలన్న దేవుడి నిర్ణయం, పతనాన్ని అనుమతించే నిర్ణయానికి ముందుదా, తర్వాతదా? ఏ రోజు జరిగిందని కాదు, నిర్ణయాల వరుసలో ఏది ముందని ప్రశ్న. క్రైస్తవ మత సంస్కర్త కాల్విన్ బాటలో నడిచిన ప్రొటెస్టెంట్లు దీనిమీద తెగ వాదించుకున్నారు. 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ చర్చి సభలో గొమారస్ అనే పండితుడు 'ముందే' అని పట్టుబట్టాడు. ఆ వాదం పేరే మన మాట. సభ తీర్మానాలు మాత్రం 'తర్వాత' అన్నవాళ్ల వైపే మొగ్గాయి. నాకైతే ఆ గొడవ తలనొప్పే, మాట మాత్రం ముచ్చటేస్తుంది.

ఆ రెండోవాళ్ల వాదం ఇన్‌ఫ్రల్యాప్సేరియనిజం. అక్కడా ముక్కలు 8, ఊనిక 'సే' మీదే. రెండిటినీ ఒకే ఊపిరిలో అనడం వస్తే ఆదివారం ఫోన్లో వినిపించండి.

మీ తాతయ్య