ఆ 5 శాతం ఎవరి మాటలు?

జపాన్ రచయిత్రి రియె కుదాన్ నవల 'సింపతీ టవర్ టోక్యో' 2025లో ఇంగ్లీషులోకి వచ్చింది. వెంటే పాత గొడవా వచ్చింది: చాట్‌జీపీటీ అనే ఏఐ రాసిన వాక్యాలున్న పుస్తకానికి జపాన్‌లో పేరున్న సాహిత్య పురస్కారం అకుతగావా బహుమతి ఎలా ఇచ్చారని. అసలు మలుపు 2024 జనవరి 17న వచ్చింది.

ఆ రోజు బహుమతి ప్రకటించాక, నవలలో సుమారు 5 శాతం ఏఐ రాసిన వాక్యాలను యథాతథంగా వాడానని కుదాన్ విలేకరులతో చెప్పారు. ఎవరో కూపీ లాగితే బయటపడ్డ సంగతి కాదు, ఆమే చెప్పారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. ఆ వాక్యాలు కథలో ఏఐ ఇచ్చే జవాబుల్లోనే ఉన్నాయని ఆమె తర్వాత ఇచ్చిన వివరణ మాత్రం అంత దూరం వెళ్లలేదు.

గొడవపడేవాళ్లలో ఎంతమంది చదివారో గానీ, నవల విషయమే ఇది. కథానాయిక సారా మాకినా ఆర్కిటెక్ట్. టోక్యోలోని షింజుకు గ్యోఎన్ తోటలో నేరస్తుల కోసం ఆకాశహర్మ్యంలాంటి జైలు కట్టాలి. వాళ్లను నేరస్తులు అనకూడదు, జాలిపడదగ్గ మనుషులు అనాలి. ఖర్చు పెరిగిపోయిందని 2015లో జపాన్ ప్రధాని షింజో అబే ప్రభుత్వం రద్దు చేసిన, ఆర్కిటెక్ట్ జహా హదీద్ గీసిన ఒలింపిక్ స్టేడియాన్ని ఈ నవలలోని టోక్యోలో కట్టేశారు. అంటే ఇది జరగకుండా పోయిన టోక్యో కథ. సారా తలలో ఒక సెన్సారు అధికారి కూర్చుని ఉంటాడు. నోరు తెరిచే ముందే ప్రతి మాటనూ సరిచూస్తుంటాడు. ఏఐని ఏదైనా అడిగితే ఎవరినీ నొప్పించని నున్నటి జవాబు వస్తుంది, ఆమెకు ఒళ్లు మండుతుంది. తన మాటా అలాగే తయారవుతోందన్నదే ఆమె టెన్షన్. అలాంటి చోట యంత్రం జవాబును రచయిత్రే కల్పించి రాస్తే అది దొంగ జవాబు అయ్యేది కదా!

బహుమతిని తప్పుపట్టేవాళ్ల భయానికీ కారణముంది. ఆ బహుమతికి 11 నెలల ముందే, 2023 ఫిబ్రవరిలో, అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక క్లార్క్స్‌వరల్డ్ ఏఐ కథల వరద తట్టుకోలేక కొత్త రచనలు తీసుకోవడం కొన్నాళ్లు ఆపేసింది. 2025 జనవరిలో అమెరికా రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ 'మనిషి రాసిందే' అని ధ్రువపత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. జపాన్‌లోనే 2013లో మొదలైన హోషి షినిచి కథల పోటీ మాత్రం మనుషులు కానివారి రచనలనూ తీసుకుంటుంది. 2016లో ఏఐ సాయంతో తయారైన ఒక కథ అందులో మొదటి వడపోత దాటింది. అప్పుడు జనం ముచ్చటపడ్డారు.

ఇప్పుడు వాదన అంతా శాతాల మీద నడుస్తోంది. ఆ వాక్యం కథలో ఎవరి నోట వచ్చిందన్న ప్రశ్న శాతంలో ఇమడదు. 2025లో ఒక జపాన్ పత్రిక ఈసారి 95 శాతం ఏఐతో కథ రాయమని కుదాన్‌నే అడిగింది. ఆమె రాసిచ్చారు. అడిగినవాళ్లకూ అంకే కావాల్సి వచ్చింది.