కాలేయంలో పడిన మచ్చ కరుగుతుందా?

సిర్రోసిస్ అంటే కాలేయం మచ్చలతో గట్టిపడి, బుడిపెలు తేలి, ఇక ఎన్నటికీ కోలుకోని స్థితి అని వైద్య విద్యార్థులు చాలాకాలం చదువుకున్నారు. ఆ నమ్మకాన్ని సడలించినవి హెపటైటిస్ వైరస్‌లను అణచడానికి తయారైన మందులు. మచ్చను కరిగించాలన్న ఉద్దేశంతో వాటిని ఎవరూ రూపొందించలేదు.

హెపటైటిస్ బి, సి వైరస్‌లు సాధారణంగా కాలేయ కణాలను చంపకుండానే వాటిలో వృద్ధి చెందుతాయి. సోకిన కణాలను వెతికి చంపేది ప్రధానంగా మన రోగనిరోధక వ్యవస్థే. ఏళ్ల తరబడి సాగే ఈ పోరులో చనిపోయిన కణాల నుంచి, వాపు నుంచి వెలువడే సంకేతాలు స్టెల్లేట్ కణాలను మేల్కొలుపుతాయి. 1876లో కార్ల్ ఫాన్ కుప్ఫర్ బంగారు లవణంతో రంగు పట్టించి చూసినప్పుడు నక్షత్రాల్లా కనిపించిన ఈ కణాలు, ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో విటమిన్ ‘ఎ’ను కొవ్వు బిందువుల్లో దాచుకుని ప్రశాంతంగా ఉంటాయి. మేల్కొన్నాక మాత్రం ఆ నిల్వను కోల్పోయి, కండర కణాల్లా సంకోచించే గుణం తెచ్చుకుని, మచ్చకు ముడిసరుకైన కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అల్లడం మొదలుపెడతాయి. గాయాన్ని పూడ్చడానికి శరీరం చేసుకున్న ఏర్పాటే ఇది. గాయానికి విరామం లేకపోవడంతోనే చిక్కు వస్తుంది. పేరుకున్న పోగుల వల్ల కాలేయంలో రక్తం పారే దారులు ఇరుకై, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో పీడనం పెరుగుతుంది. పొట్టలో నీరు చేరడం, అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలి రక్తపు వాంతులు కావడం దాని పర్యవసానాలే.

మరి గాయం ఆగితే? టెనోఫోవిర్ అనే మందును ఐదేళ్లు వాడిన హెపటైటిస్ బి రోగులలో చికిత్సకు ముందు, ఆ తర్వాత చేసిన బయాప్సీలను (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలను) పోల్చిన అధ్యయనం ఒకటి 2013లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. మొదట్లో సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి ఐదేళ్ల తర్వాత అది కనిపించలేదు. ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గని అంకె ఇది. వైరస్ అణగితే వాపు తగ్గుతుంది. అప్పుడు మ్యాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు విడుదల చేసే ఎంజైములు కొల్లాజెన్‌ను కొద్దికొద్దిగా తెంచుతాయి. పోగులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడిపోయిన పాత మచ్చలు అంత తేలిగ్గా కరగవు.

హెపటైటిస్ సి విషయంలో గాయానికి కారణాన్నే తుడిచేయవచ్చు. ఆ వైరస్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ. అది కణ కేంద్రకంలో చేరి దాక్కోదు కాబట్టి ఎనిమిది నుంచి పన్నెండు వారాల మాత్రలతో 95 శాతానికి పైగా రోగులు వైరస్ నుంచి పూర్తిగా విముక్తులవుతున్నారు. హెపటైటిస్ బి వైరస్ అలా కాకుండా, వలయాకారపు డీఎన్‌ఏను కేంద్రకంలోనే నిలిపి ఉంచుతుంది. ఇప్పటి మాత్రలు కొత్త వైరస్‌ల తయారీని ఆపుతాయే గాని ఆ వలయాన్ని తొలగించలేవు. అందుకే చాలామంది వాటిని ఏళ్ల తరబడి వాడవలసి వస్తోంది. సిర్రోసిస్ వచ్చినవారికి వైరస్ పోయినా క్యాన్సర్ ముప్పు కొంత మిగులుతుంది గనుక, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ పరీక్ష మానకూడదు.

స్టెల్లేట్ కణాల సంగతికి వస్తే, గాయం ఆగిన తర్వాత ఎలుకల కాలేయాల్లో అవి ఏమవుతున్నాయో 2012లో పరిశోధకులు గమనించారు. మచ్చను అల్లిన కణాల్లో సుమారు సగం చనిపోగా, తక్కినవి ప్రశాంత స్థితికి చేరువయ్యాయి. కానీ పూర్తిగా మునుపటిలా మారలేదు. మళ్లీ గాయం చేసినప్పుడు అవి మొదటిసారి కంటే త్వరగా మేల్కొని కొల్లాజెన్ అల్లడానికి సిద్ధమయ్యాయి.