డిస్కును పట్టుకున్నది ఎవరు?

సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన 4కే వీడియో గంటకు 45 జీబీ తింటుంది. రెండు కెమెరాలతో ఐదారు గంటలు తీస్తే ఒక్క పెళ్లికే అర టీబీ. కర్నూలులో, కడపలో, అనంతపురంలో ఇలాంటి పని చేసేవాళ్లకు, పాత కంప్యూటర్‌కు నాలుగైదు డిస్కులు తగిలించి నడిపే స్టోరేజీ సర్వరే చవకైన దారి. కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు దాన్ని ఆపబోతే తెర మీద ఒకటే మాట: టార్గెట్ ఈజ్ బిజీ. అంటే డిస్కును ఇంకా ఎవరో వాడుతున్నారని. ఇలాంటి సర్వర్ల కోసమే ఉన్న అన్‌రెయిడ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకైతే డిస్కులను అన్‌మౌంట్ చేయడానికి (సిస్టమ్ నుంచి విడదీయడానికి) మళ్లీ ప్రయత్నిస్తున్నామన్న సందేశమే తిరుగుతూ ఉంటుంది. పది నిమిషాలు చూసి విసుగొచ్చి స్విచ్ కట్టేస్తారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

డిస్కు ఇలా మొండికేయడం వెనక యాభై ఏళ్లు దాటిన నియమం ఉంది. 1971 నవంబరు నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్‌లోనే డిస్కును సిస్టమ్‌కు తగిలించే మౌంట్, విడదీసే యుమౌంట్ ఆదేశాలున్నాయి. (రెండోదాని స్పెల్లింగులో ‘యు’ తర్వాత ‘ఎన్’ లేదు. ఇప్పటికీ ‘ఎన్’ కలిపి కొట్టి, అలాంటి ఆదేశం లేదనిపించుకునేవాళ్లు చాలామంది.) ఆ కాలంలో డిస్కును డ్రైవ్‌లోకి చేత్తో ఎక్కించి, పనయ్యాక చేత్తో దించేవారు. ఆర్‌కే05 అనే ప్యాక్‌లో పట్టేది దాదాపు 2.5 ఎంబీ. ఎవరో ఫైలు తెరిచి ఉండగా ప్యాక్ లాగేస్తే సగం రాసిన సమాచారం గల్లంతే. అందుకే ఆ డిస్కును ఎవరెవరు వాడుతున్నారో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ లెక్క పెట్టుకుంటుంది. లెక్క సున్నాకు వస్తేనే దించనిస్తుంది, లేదంటే 16వ నంబరు ఎర్రర్ ఇస్తుంది. తెర మీద కనిపించే ‘బిజీ’ అదే.

ఆ జాగ్రత్త అవసరం నేటికీ తీరలేదు. రాయాల్సిన డేటాను ఈ సర్వర్లను నడిపే, యూనిక్స్ తరహా లినక్స్ ముందు ర్యామ్‌లో ఉంచుతుంది, మామూలుగా 30 సెకన్లు పాతబడ్డాక డిస్కుకు పంపుతుంది. 2001లో లినక్స్‌లో చేరిన ఎక్స్‌ట్3 లాంటి ఫైల్‌సిస్టమ్‌లలో ఉండే జర్నల్ (మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఫైల్‌సిస్టమ్ కట్టడాన్ని కాపాడుతుంది గానీ, ర్యామ్‌లోనే మిగిలిపోయిన వీడియో ముక్కను తిరిగి తేలేదు.

మారిందల్లా పట్టుకున్న చెయ్యి కనబడే తీరు. మొదట్లో అది తేలిగ్గా దొరికేది. ఇప్పటికీ ఎక్కువసార్లు దొరికే దొంగ, తెరిచి మరిచిపోయిన టెర్మినలే (ఆదేశాలు టైపు చేసే కిటికీ): ఆ డిస్కు ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడే వదిలేసి ఉంటారు. అందులోంచి బయటికి వచ్చేలా ‘సీడీ స్లాష్’ కొడితే చాలు. టెర్మినల్‌ను వెనక నడుపుతూ ఉంచే టీమక్స్, స్క్రీన్ సెషన్లు కిటికీ మూసినా బతికే ఉంటాయి కాబట్టి వాటినీ చూడాలి. ఫ్యూజర్ అనే ఆదేశానికి వీ, ఎం ఆప్షన్లిచ్చి, డిస్కు మౌంటైన ఫోల్డర్ పేరు చెబితే పట్టుకున్న ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు) వరసగా వస్తాయి. పక్కన ‘సీ’ అక్షరం ఉంటే ఆ ఫోల్డర్‌లో కూర్చుందని, పెద్ద ‘ఎఫ్’ ఉంటే ఫైలు రాస్తోందని అర్థం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విక్టర్ ఏబెల్ రాసిన ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే ఆదేశం ఫైలు పేరుతో సహా చెబుతుంది.

ఇలా మామూలు ప్రాసెస్‌గా కనబడనివే తలనొప్పి. ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ కెర్నల్ లోపలే నడుస్తుంది, కాబట్టి దాన్ని ముందు ఆపాలి. ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్ ఫైలు ఆ డిస్కులో ఉంటే స్వాప్‌ఆఫ్ చేయాలి. డిస్కులోని ఒక ఇమేజ్ ఫైలు లూప్ పరికరంగా, అంటే తానే ఒక డిస్కు అన్నట్టుగా, మౌంటై ఉంటే లోసెటప్ ఆదేశానికి ‘ఏ’ ఆప్షన్ ఇచ్చి చూడాలి. 2023లో అన్‌రెయిడ్ 6.12 తొలి విడుదలల్లో చాలామందిని ఏడిపించింది ఇదే: యాప్‌లను కంటైనర్లనే విడివిడి గదుల్లో నడిపే డాకర్ ఆగినా దాని ఇమేజ్ మౌంటయ్యే ఉండేది, ఆ ఇమేజ్ ఉన్న డిస్కు కదిలేది కాదు. వార్‌లోని లిబ్ కింద ఉన్న డాకర్ ఫోల్డర్‌ను చేత్తో యుమౌంట్ చేస్తే అర్రే (డిస్కుల గుంపు) ఆగేది. 6.12.3లో సరిచేశారు.

అంతకన్నా లోతైనది నేమ్‌స్పేస్, అంటే ప్రాసెస్‌లకు విడిగా ఇచ్చే మౌంట్ల జాబితా. లినక్స్‌లో మౌంట్ నేమ్‌స్పేస్‌లు 2002లో వచ్చాయి, 2013లో డాకర్ వచ్చాక అవి ఇళ్లకూ చేరాయి. ఒక కంటైనర్‌కు మీడియా ఫోల్డర్ మొత్తం అప్పగిస్తే, ఆ మౌంట్‌కు దాని దగ్గర సొంత ప్రతి ఉంటుంది. బయట యుమౌంట్ విజయవంతంగా జరిగినట్టే కనిపిస్తుంది, కానీ ఎండీఏడీఎం అనే ఆదేశంతో రెయిడ్ (కలిపి కట్టిన డిస్కుల గుంపు) ఆపబోతే పరికరం ఇంకా వాడుకలో ఉందంటుంది. అప్పుడు ప్రాక్ కింద ప్రతి ప్రాసెస్ ఫోల్డర్‌లో ఉండే మౌంట్‌ఇన్ఫో ఫైళ్లలో ఆ డిస్కు పేరును గ్రెప్ ఆదేశంతో వెతకండి. తేలిన ప్రాసెస్ నంబరు ఏ కంటైనర్‌దో చూసి దాన్ని ఆపితే పని అవుతుంది.

దొరకలేదని చాలామంది యుమౌంట్‌కు ‘ఎల్’ ఆప్షన్ తగిలిస్తారు. లినక్స్ 2.4.11 నుంచి ఉన్న ఈ బద్ధకపు యుమౌంట్ పేరును మాత్రమే చెరిపేస్తుంది. రాసే ప్రాసెస్ లోపల రాస్తూనే ఉంటుంది. డిస్కు దిగిందనుకుని తీగ లాగితే అంతే సంగతులు. దీన్ని అలవాటు చేసుకోవద్దని గట్టిగా చెప్పాల్సిందే. ఇక ప్రాసెస్ స్థితి ‘డీ’ అని ఉంటే అది డిస్కు జవాబు కోసం ఎదురుచూస్తోందన్నమాట. ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కిల్ మైనస్ 9కి కూడా లొంగదు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఐ/ఓ ఎర్రర్లు (చదవడం, రాయడంలో తప్పులు) ఉన్నాయేమో చూసి, ముందు డిస్కును కలిపే సాటా కేబుల్‌ను అనుమానించండి.

మన ఊళ్లలో దీనికి ఇంకో ముడి ఉంది. ఇంటి ఇన్వర్టర్ కరెంటు ఇస్తుంది గానీ, బ్యాటరీ అయిపోవస్తోందని సర్వర్‌కు చెప్పదు. సర్వర్ దర్జాగా నడుస్తూ ఒక్కసారిగా చస్తుంది. మళ్లీ వెలిగాక పారిటీ చెక్, అంటే డిస్కులన్నీ చదివి డేటా సరిపోలుతోందో చూడడం, తప్పదు. సెకనుకు 150 ఎంబీ చొప్పున 4 టీబీ డిస్కుకు ఏడున్నర గంటలు. మే నెలలో బయట 40 దాటిన మధ్యాహ్నం ఈ పని సాగితే, అన్‌రెయిడ్ మామూలుగా హెచ్చరిక మొదలుపెట్టే 45 డిగ్రీలను డిస్కు సులువుగా అందుకుంటుంది. పగలు నిలిపి రాత్రికి కొనసాగించడం మేలు.

కాబట్టి ఇన్వర్టర్ ఉన్నా సరే, యూఎస్‌బీ తీగతో సర్వర్‌కు కబురు చెప్పే చిన్న యూపీఎస్ మధ్యలో పెట్టండి. సమయాలూ సరిచూసుకోండి: డాకర్ ఒక్కో కంటైనర్‌కు 10 సెకన్లు గడువిచ్చి చంపుతుంది, వర్చువల్ మెషీన్లకు అన్‌రెయిడ్ 60 ఇస్తుంది, మొత్తం షట్‌డౌన్‌కు డిస్క్ సెట్టింగ్స్‌లో ఉండేది 90. కంటైనర్లు, మెషీన్లు ఎక్కువుంటే ఆ 90ని 300 చేసి, యూపీఎస్ బ్యాటరీ అంతసేపు మోస్తుందో లేదో కరెంటు ఉన్నప్పుడే ఒకసారి ఆపి చూసుకోండి.