కుట్ల దగ్గర చీము: నెపం పప్పు మీద, కారణం వేరే

నర్సంపేటలోనైనా, ములుగులోనైనా, అపెండిక్స్ ఆపరేషన్ అయిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు చెప్పే మాట ఒకటే: "పప్పు పెట్టకుండ్రి, చీము పడ్తది." నిజానికి గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు మాన్పించడం వల్ల నష్టమే. చీము సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. వాటికి అవకాశం దొరికేది చాలాసార్లు ఆపరేషన్‌కు ముందే.

పెద్ద కోత లేకుండా కెమెరా గొట్టంతో చేసే ఆపరేషన్ ల్యాప్రోస్కోపీ. ఇందులో మామూలుగా మూడు చిన్న రంధ్రాలు పెడతారు. ఈ పద్ధతిలో అపెండిక్స్‌ను మొదట తీసింది జర్మనీ డాక్టరు కర్ట్ సెమ్, 1980లో. పెద్ద కోతతో పోలిస్తే దీనిలో పైగాయం చెడిపోవడం తక్కువ. కడుపు లోపల చీముగడ్డ కట్టడం మాత్రం రంధ్రం సైజును బట్టి ఉండదు. అపెండిక్స్ అప్పటికే పగిలిందా లేదా అన్నదే అక్కడ ముఖ్యం. పగిలితే పేగులోని బ్యాక్టీరియా కడుపంతా పాకుతుంది.

మన దగ్గర అపెండిక్స్ నొప్పిని 24 గంటల నొప్పి అంటారు. అయినా మొదటి రోజు గ్యాస్ గోలీతో, రెండో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ సూదితో గడిచిపోతుంది. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేరేసరికి ఇంకొంత ఆలస్యం. ఒక్కోసారి పగిలినప్పుడు నొప్పి కాసేపు తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు, అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

షుగరు అదుపులో లేకపోతే తెల్లరక్తకణాలు సరిగా పోరాడలేవు. బీడీ, సిగరెట్ వల్ల గాయానికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందవు. ఊబకాయం కూడా ముప్పే.

ఇక ఆసుపత్రి వంతు. యాంటీబయాటిక్ మొదటి డోసు కోత పెట్టడానికి ముందు గంటలోపు పడాలి. తీసిన అపెండిక్స్‌ను సంచిలో వేసి బయటికి లాగితే బొడ్డు దగ్గరి గాయానికి మురికి అంటదు.

పరికరాల శుభ్రత గురించి మాత్రం ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. ల్యాప్రోస్కోపీ పరికరాలకు సన్నని గొట్టాలు, కీళ్లు ఎక్కువ. వాటిని పూర్తిగా విప్పి కడగకపోయినా, మందు ద్రావణంలో ముంచి తీశాక నల్లా నీళ్లతో కడిగినా, నీటిలో బతికే ఒక రకం మైకోబ్యాక్టీరియా వాటిపై చేరుతుంది. ఇది టీబీ క్రిమికి దూరపు చుట్టం. కుట్లు మానిన కొన్ని వారాలకు అదే చోట గడ్డ లేచి నీరు కారుతుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు, నెలల తరబడి వేరే మందులు వాడాలి. మందుల షాపులో గోలీలు మార్చి మార్చి కొనుక్కుంటే డబ్బు దండుగ. గడ్డ నుంచి కారే ఆ నీటిని, ఏ క్రిమో తేల్చే కల్చర్ టెస్టుకు పంపించాలి.

లోపలి చీముగడ్డ ఇంకా ముందే, తరచుగా వారం పది రోజుల్లో బయటపడుతుంది. మళ్లీ జ్వరం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ విరేచనానికి వెళ్లాలనిపించడం దాని గుర్తులు. తిండి పడలేదని ఊరుకోకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించాలి. స్కాన్‌లో గడ్డ చిన్నదని తేలితే యాంటీబయాటిక్స్‌తోనే తగ్గొచ్చు. పెద్దదైతే స్కాన్ చూస్తూ సన్నని గొట్టం పెట్టి చీము తీస్తారు, చాలామందికి మళ్లీ పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు.