అసలు బొమ్మ ఏది?

చిరంజీవులు చిట్టికి, కన్నకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్న ఒక ప్రశ్న అడిగాడు. అక్కడి గడియారం గంట కొట్టే వేళవుతోందని తొందరపెట్టి మిమ్మల్ని లాక్కుపోయాను. ఆ ప్రశ్నని అలా వదిలేసి రావడం ఇంటికొచ్చాక కూడా మనసులో ముల్లులా గుచ్చుతోంది. అందుకే ఈ ఉత్తరం.

ఆ చెక్కబొమ్మ గుర్తుందిగా? ఎదురుగా చూస్తే గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్. వెనకున్న అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా. జర్మన్ కవి గొథే నాటకం 'ఫౌస్ట్'లో ఆశపెట్టి మనిషిని లొంగదీసే దయ్యం అతను, అమాయకురాలైన పిల్ల ఆమె. ఇద్దరూ ఒకే దుంగలో ఉన్నారు. "తాతయ్యా, ఇందులో అసలు బొమ్మ ఏది?" అన్నాడు కన్న.

ఒరే కన్నా, నాలో అసలు 'నేను' ఏది అని ఎందరో జీవితమంతా వెతికింది కూడా అదేరా.

'మిళింద పన్హ' అనే పాళీ గ్రంథంలో ఒక రాజు, నాగసేనుడనే బౌద్ధ భిక్షువు మాట్లాడుకుంటారు. రాజు రథమెక్కి వచ్చాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటే అడుగుతాడు భిక్షువు. అన్నిటికీ కాదనే చెప్పాల్సి వచ్చింది రాజుకి. అవన్నీ కలిసి ఉన్నప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం, నాగసేనుడన్న పేరూ అంతే అంటాడాయన. చిట్టితల్లీ, నీ సైకిల్ని రిపేరు షాపులో విప్పిన రోజు గుర్తుందా? చైను ఒకచోట, పెడళ్లు ఒకచోట, చక్రం గోడకి ఆనించి. అన్నీ కళ్లముందే ఉన్నా "నా సైకిల్ ఏదీ?" అని ఏడ్చావు. ఆ రాజుకి ఎదురైన చిక్కే అది.

మెక్సికో చిత్రకారిణి ఫ్రిడా కాలో వాదన పెట్టుకోలేదు, బొమ్మ గీసింది. 1939 నాటి ఆ చిత్రంలో ఇద్దరు ఫ్రిడాలు చేయీ చేయీ పట్టుకుని కూర్చుంటారు. ఒకరిది యూరప్ గౌను, ఒకరిది మెక్సికో కట్టు. రెండు గుండెల్నీ ఒకే రక్తనాళం కలుపుతుంది. నాకు ఏ గ్రంథం కన్నా ఈ బొమ్మే ఎక్కువ చెప్పింది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, గల్లీ క్రికెట్లో హైదరాబాదీ ఉర్దూలో "నక్కో రే" (వద్దురా) అని అరిచే మీకు ఇది చప్పున అర్థమవుతుంది.

ఇక 'ఇది నేనే, ఇది నాదే' అన్న మన నమ్మకం సంగతి. 1998లో బాట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. మనిషి చేతిని తెర చాటున పెట్టించి, ఎదురుగా రబ్బరు చెయ్యి ఉంచారు. రెండిటినీ ఒకేసారి, ఒకేలా బ్రష్‌తో నిమిరారు. కాసేపటికి ఆ రబ్బరు చెయ్యి తనదే అనిపించసాగింది. అది రబ్బరని తెలుసు, కళ్లముందే ఉంది, అయినా సరే! మన ఒంటి గురించే మనసు ఇంత తేలిగ్గా నమ్మేస్తే, పక్కవాళ్ల గురించి విన్న మాటల్ని ఎంత సులువుగా నమ్ముతామో చూడండి.

మళ్లీ వెళదాం. శుక్రవారం మ్యూజియానికి సెలవు, శనివారం రండి. ఈసారి గడియారం దగ్గరికి పరుగెత్తించను. ఆ దుంగని పక్కనుంచి చూద్దాం, అతను ఎక్కడ ఆగాడో, ఆమె ఎక్కడ మొదలైందో.

మీ
తాతయ్య